మలేరియా - రోగనిరోధక శక్తి (దంతెవాడ)

దంతెవాడ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో కొండలు, అడవులు, వాగులున్న జిల్లా. 1998లో బస్తర్ జిల్లా నుంచి వేరుపడింది. తెలుగువారికి దంతేశ్వరి గుడి, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేర్చే రైలుమార్గం వల్ల పరిచయం. వైద్యులకు మాత్రం ఇది మలేరియా సీమ. మన ఏజెన్సీలో మన్యపు జ్వరం అనేది చాలావరకు ఇదే. ఇక్కడ ప్రబలేది ప్రధానంగా ప్లాస్మోడియం ఫాల్సిపారం, ప్రాణాలు తీసే రకం.

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టాక కాసేపట్లోనే పరాన్నజీవులు కాలేయం చేరతాయి. దాదాపు వారం అక్కడ పెరిగి, రక్తంలోకి దిగి ఎర్ర కణాల్లో దూరతాయి. ఆ కణాలు పగిలినప్పుడల్లా చలి, జ్వరం. సోకిన కణాలను ఏరిపారేసేది ప్లీహం. మలేరియా ఊళ్లలో పిల్లలకు అది ఉబ్బడం అందుకే. శరీరం ప్రతిరక్షకాలనూ తయారుచేస్తుంది. అయితే సోకిన కణం పైపొర మీద ఫాల్సిపారం ప్రదర్శించే ఒక ప్రోటీన్‌కు దాదాపు 60 జన్యువులున్నాయి. ఒక రూపాన్ని గుర్తుపట్టేసరికి అది ఇంకో వేషం కడుతుంది. తట్టు ఒకసారి వచ్చిపోతే సాధారణంగా మళ్లీ రాదు. మలేరియా విషయంలో శరీరం ఏళ్ల తరబడి నేర్చుకోవాలి, నేర్చినదీ అరకొరే.

1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కొద్దికాలానికే రాబర్ట్ కోఖ్ న్యూగినీలో పిల్లల రక్తం నిండా క్రిములుండగా పెద్దల్లో అవి అరుదని గమనించాడు. కారణం రక్తంలోని ప్రతిరక్షకాలేనని 1961లో తేలింది: గాంబియాలో పెద్దల నుంచి వాటిని తీసి జబ్బుపడిన పిల్లలకు ఎక్కిస్తే క్రిములు తగ్గాయి.

పుట్టుకతో వచ్చే రక్షణ వేరు. సికిల్ సెల్ జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి తీవ్ర మలేరియా ముప్పు తక్కువని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపాడు. బస్తర్ ఆదివాసుల్లోనూ ఈ జన్యువుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తే అదే సికిల్ సెల్ జబ్బు. ఖరీదైన కవచమే.

మలేరియా లేని ప్రాంతాల నుంచి వచ్చినవారికి ఈ రెండు రక్షణలూ సాధారణంగా ఉండవు. బస్తర్‌లో విధుల్లో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు మలేరియాతో చనిపోయిన సందర్భాలున్నాయి. స్థానికులదీ శాశ్వత రక్షణ కాదు. కొన్నేళ్లు వేరేచోట ఉండి తిరిగొస్తే పలచబడుతుంది. గర్భిణులకు, ముఖ్యంగా తొలి చూలులో, ప్రమాదం ఎక్కువ.

ఈ రక్షణకు ఇంకో ముఖం 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో బయటపడింది. జ్వరమున్నవారికే పరీక్ష చేసే పాత పద్ధతి వదిలి, ఇల్లిల్లూ తిరిగి అందరికీ చేశారు. తొలి విడతలో మలేరియా తేలినవారిలో సగం మందికి పైగా ఏ లక్షణమూ లేదు. వారి శరీరం జ్వరాన్ని అణచింది గానీ క్రిమిని చంపలేదు. అలాంటివారు ఆసుపత్రికి రారు, దోమకు మాత్రం అందుతారు. ఒళ్లు బాగానే ఉందనే మనిషికీ పూర్తి మోతాదు మందు మింగించకపోతే బస్తర్‌లో మలేరియా పోదు.