మన్యం జ్వరం నుంచి ఎల్లో ఫీవర్ కార్డు దాకా

మన్యంలోని పాడేరు వైపు బదిలీ అంటే ఒకప్పుడు ఇంటిల్లిపాదీ దిగులుపడేవారు. వెళ్లినవాళ్లు చలిజ్వరంతో తిరిగొస్తే కొండనీళ్లు పడలేదనుకునేవారు. ఇదే మలేరియాకు యూరప్‌లో చిత్తడి నేలల చెడుగాలిని తప్పుపట్టారు. కారణం తెలియకముందే మందు దొరకడం విశేషం. దక్షిణ అమెరికా సింకోనా బెరడు నుంచి 1820లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు క్వినైన్ వేరుచేశారు.

అసలు దోషి పట్టుబడింది మన సికింద్రాబాద్‌లో. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు అణా చొప్పున ఇచ్చాడు. పంకా విసిరితే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. అది అనాఫిలిస్. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఒళ్లప్పగించిన హుసేన్ ఖాన్‌నూ ఆయన పక్కనే తలుచుకోవడం న్యాయం.

అనాఫిలిస్ ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది. కనుక దోమతెర ప్రయాణికుడికి తప్పనిసరి అయింది. తర్వాత దోమల మందు డీడీటీ వచ్చింది. 1965 నాటికి దేశంలో కేసులు సుమారు లక్షకు దిగాయి. గెలిచేశామని పట్టు సడలించాం, దోమ మందుకు అలవాటుపడింది. 1976లో కేసులు 64 లక్షలకు చేరాయి. క్లోరోక్విన్ మాత్రకు లొంగని మలేరియా కూడా ఆ దశాబ్దంలోనే అస్సాంలో బయటపడింది. అందుకే ఎవరో వాడారని అదే మాత్ర కొనుక్కోకూడదు. వెళ్లే చోటు చెప్పి డాక్టరుచేత రాయించుకోవాలి.

పగటి దోమ ఈడిస్ కథ వేరు. ఎల్లో ఫీవర్‌ను మోసేది ఈ దోమేనని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా, దాదాపు ఇరవై ఏళ్లపాటు నమ్మినవాళ్లు తక్కువ. 1900లో వాల్టర్ రీడ్ బృందం దాన్ని నిరూపించింది. 1937లో టీకా వచ్చింది. నైజీరియాకో కెన్యాకో ఉద్యోగానికి వెళ్లే తెలుగువాళ్లు కనీసం 10 రోజుల ముందు వేయించుకుని పసుపు కార్డు తీసుకునేది ఈ టీకాకే. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు, ఈడిస్ మాత్రం కూలర్ నీళ్లలోనూ పెరుగుతోంది. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆ కార్డు అడిగేది అందుకే. ఇదే ఈడిస్ మోసే డెంగీకి అలాంటి కార్డు లేదు. పట్టపగలే నిండు చేతుల చొక్కా, ఒంటికి దోమల క్రీము ఉండాలి.

మళ్లీ మలేరియాకు వస్తే, అందులో వైవాక్స్ అనే రకం కాలేయంలో నెలల తరబడి దాగుంటుంది. లంబసింగి మంచు చూసొచ్చిన రెండు నెలలకు చలిజ్వరం వచ్చినా, ఎక్కడెక్కడ తిరిగారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష అడగండి.