పచ్చబడ్డ కొలను

2016 ఆగస్టు 9న రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను నీలం నుంచి ఆకుపచ్చకు తిరిగింది. రకరకాల కారణాలు చెప్పుకొచ్చారు. నాలుగు రోజులకి గాని అసలు సంగతి బయటపడలేదు. 5వ తేదీన కాంట్రాక్టరు 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. అది క్లోరిన్‌ని చంపేసింది. విచిత్రమేమిటంటే, మీటర్లు మాత్రం క్లోరిన్ ఉందనే చూపిస్తూ వచ్చాయట! చివరికి పక్క కొలనులో దాదాపు 37 లక్షల లీటర్లు తోడేసి కొత్త నీళ్ళు నింపారు.

ఆ వార్త చదివి నవ్వుకున్నాను. తెరమీది అంకెని నమ్మి బతికే ఉద్యోగం మరి నాది.

నిరుడు డాలస్‌లో మా పెరటి కొలనూ పచ్చబడింది. స్ట్రిప్ ముంచితే క్లోరిన్ పుష్కలం. ఇంకాసిని బిళ్ళలు వేశాను. మరింత పచ్చబడింది.

"బావిలో బ్లీచింగ్ పౌడర్ ఎంత చల్లినా, పాతనీళ్ళు తోడితేనే గదరా," అంది ఊరి నుంచి వచ్చిన అమ్మ.

ఆ బిళ్ళల్లోనే సైనూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. కానీ తను ఆవిరవదు, ఏటికేడాది పేరుకుపోయి క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. స్ట్రిప్‌కి ఆ సంగతి తెలీదు.

సగం నీళ్ళు తోడేశాను. మూడోనాటికి అడుగు కనిపించింది. అన్నేసి నీళ్ళు పారబోశానన్న బాధ అమ్మకింకా పోలేదు.