పెద్దమ్మ డబ్బాలో రెండు మాత్రలు

తనకల్లులో మా పెద్దమ్మకు కీళ్లవాతం. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకోవు. చెనక్కాయలు ఒలిచే పని కోడలికి వదిలేసింది. ఆమె మందుల డబ్బాలో ఆదివారానికి మెథోట్రెక్సేట్, సోమవారానికి ఫోలిక్ యాసిడ్. మొదటిది రెండోదానికి బద్ధశత్రువు. రెండింటి కథలోనూ ఉన్న మనిషి ఒక్కడే: 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన తోడబుట్టినవాళ్లను పొట్టన పెట్టుకుంది, ఆయన్నూ మంచాన పడేసింది. అందులో రక్తం తగ్గిపోతుంది. 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లాక ఆయన ఫోలిక్ యాసిడ్ వెంట పడ్డాడు. 1945కల్లా ఆయన బృందం దాన్ని తయారు చేసింది.

రక్తం పట్టించే మందు రక్తక్యాన్సర్‌కు పనికిరాదా? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి మందునే లుకేమియా పిల్లలకిచ్చాడు. తగ్గడం మాట అటుంచి జబ్బు ఇంకా ఉరకలేసింది. పాత మందులతో క్యాన్సర్ మాయమంటూ ఫోన్లలో తిరిగే కబుర్లు చూస్తే నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది. ఆ పిల్లలకిచ్చింది విషం కాదు, విటమిను.

ఫార్బర్ లెక్క తిరగేశాడు. మేత వేస్తే పెరిగేది, మేత ఆపితే మాడాలి కదా! లుకేమియా కణాలు ఎడతెగకుండా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే ఉండి, దాని చోట కూర్చుని, పని మాత్రం జరగనివ్వని దొంగ మందులను సుబ్బారావు బృందం తయారు చేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివర్లో వాడాడు. 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు, కొంతకాలమే. ఆ వివరాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. 1951లోనే కీళ్లవాతానికి అమినోప్టెరిన్ వాడి చూసినవాళ్లున్నా, మెథోట్రెక్సేట్‌కు ఆ జబ్బులో అమెరికా అనుమతి దొరికింది 1988లో. కీళ్లకు మోతాదు చాలా తక్కువ, అదీ వారానికొక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పెద్దమ్మ క్యాలెండర్లో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్ర సున్నా. మొన్న వెళ్తే చేట ముందేసుకుని కూర్చుంది. నిదానంగానే, కాయలు ఒలుస్తోంది.