రింగు పోయింది, బెల్లు మోగలేదు

మేము దిండిగల్లులో తమిళ మాధ్యమంలో చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైన వాళ్లము. తెలుగు రాత పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకుంటిమి. తప్పులుంటే మన్నించండి.

వేలు పెట్టి తిప్పే నల్ల ఫోను మీలో చాలామందికి గుర్తుంటుంది. రిసీవరు ఎత్తంగానే గుర్రుమని ఆగకుండా ఒక శబ్దం. మా అవ్వ దాన్ని పిల్లి గురక అనేది. నంబరు తిప్పవచ్చని ఎక్స్‌ఛేంజి చెప్పే మాట అది. 5లో వేలు పెట్టి తిప్పి వదిలితే, డయలు వెనక్కి తిరుగుతా లైనులో కరెంటును 5 సార్లు తెంచుతుంది. సున్నాకు 10 సార్లు. ఆ లెక్క ప్రకారమే ఎక్స్‌ఛేంజిలో స్విచ్చి మెట్టుమెట్టుగా ఎక్కేది. దీన్ని కనిపెట్టి 1891లో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో శవసంస్కారాలు జరిపించే వ్యాపారి. ఆపరేటరు తన బేరాలను పోటీవాడికి కలుపుతుందని అనుమానపడి ఈ పని చేసినాడంటారు.

ముప్పావు సెకను కూత, ముప్పావు సెకను మౌనం అయితే ఎంగేజు. జంటగా రెండు గుర్రులు, 2 సెకన్ల మౌనం అయితే రింగు. ఇక్కడే మా కుటుంబం తప్పు చేసె.

మా పెదనాన్న పోయిన రాత్రి, కోయంబత్తూరులో ఉన్న ఆయన కొడుక్కి, మా అన్నకు, 0422 తిప్పి నాలుగుసార్లు ఫోను చేస్తిమి. నాలుగుసార్లూ రింగు పోయె, ఎవురూ ఎత్తలేదు. మర్నాడు టెలిగ్రాం అంది అన్న వచ్చేసరికి దహనం అయిపోయుండె. "మా ఇంట్లో బెల్లే మోగలేదు" అనె. మేమెవురమూ నమ్మలేదు. రాకపోకలు నిలిచిపోయె.

చానా ఏండ్ల తరువాత, రైల్వే టెలిఫోను విభాగంలో పనిచేసిన స్నేహితుడొకడు చెప్పె: మన చెవికి వచ్చే రింగు అవతలి ఇంటి బెల్లు కాదు. ఎక్స్‌ఛేంజి ఆ ఇంటికి బెల్లు మోగే కరెంటు పంపుతుంది. మనకు వేరుగా ఒక శబ్దం వినిపిస్తుంది. వానకు ఆ ఇంటి వైరు తెగినా ఎక్స్‌ఛేంజికి తెలియదు, మనకు రింగు వస్తానే ఉంటుంది. రెండు వైర్లు ఒకటికొకటి తగిలితే మాత్రం ఎంగేజు వస్తుంది.

అది మాకు తెలిసేలోగా అన్న పోయినాడు. ఆయన పిల్లలు ఈ సంఘంలోనే ఉండారు. వాళ్ల నాన్న ఆ దినం నిజమే చెప్పినాడని అందరి ముందర రాయవలెనని ఇది రాస్తిమి.