డబ్బా రేకు మోటారు, 60 కిలోమీటర్ల పరీక్ష

అన్నలారా, కరెంటు బండి ఎత్తు ఎక్కదు, దూరం పోదు అని మన రచ్చబండ దగ్గర ఇప్పటికీ అంటుంటారు. ఒక సంగతి చెప్తా వినండి.

ఇంగ్లండులో సెడ్రిక్ లించ్ అనే ఆయన కాలేజీ మెట్లు ఎక్కలేదు. సూపు డబ్బాల రేకు కత్తిరించి మోటారు చేశాడు. పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది, బరువు తక్కువ. తర్వాత మన గుజరాత్‌లో అగ్ని మోటార్స్ వాళ్లు ఆ తరహా మోటార్లు తయారుచేశారు.

2009 జూన్ 12న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో పొగ రాని బళ్లకు పందెం పెట్టారు. కొండ దారి, ఒక్క చుట్టు 60 కిలోమీటర్లు. అగ్ని బండి మీద రాబ్ బార్బర్ 26 నిమిషాల లోపే తిరిగొచ్చి గెలిచాడు. సగటున గంటకు 140 కిలోమీటర్లు!

అదే దారిలో పెట్రోలు బళ్లు అప్పటికే 200 దాటాయి, నిజమే. కానీ కొండ ఎక్కదన్న మాట మాత్రం ఆరోజు జనం ముందే తేలిపోయింది. కొత్త విత్తనమైనా అంతే కదా, పక్క చేలో పండితేనే మనం నమ్మేది.