చెఱువు కట్టినవారు, చెఱువు కాచినవారు

మన పూర్వులు సంతానము లేడని లెక్కించిరి. తనయుడు, కావ్యము, నిధి, ఉద్యానము, దేవాలయము, అగ్రహారము, తటాకము. వీనిలో తనయుడు ఒక యింటిపేరు నిలుపును. కావ్యము చదువనేర్చినవారికి దక్కును. చెఱువు మాత్రము కట్టించినవాని పేరెఱుగని బాటసారికిని, పశువునకును, పక్షికిని సమముగా దాహము తీర్చును. మహాభారత సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును రాజ్యపాలనమును గూర్చి ప్రశ్నించుచు, తగినయెడల నీరు నిండిన పెద్దచెఱువులు నిర్మింపబడినవా, కృషి కేవలము వానను నమ్ముకొని యుండుట లేదు గదా యని అడుగును. రాజధర్మమును కొలుచుటకు చెఱువొక కొలబద్ద యైనదనుట కింతకంటె సాక్ష్యము వలదు.

అయినను దేవాలయమునకును చెఱువునకును ఒక భేదము కలదు. ఱాతిగుడి ఎవరును తలయెత్తి చూడకున్నను నూఱేండ్లు నిలువవచ్చును. మట్టికట్ట అట్లు నిలువదు. ఎండకు బీటలువారును, వానకు కరగును, ఎలుకలును పీతలును బొరియలు చేయును, చెట్లవేళ్లు దూరి నీటికి దారి చూపును. ఒక్క వర్షకాలము ఏమఱినచో తరతరముల కష్టము ఒక రాత్రిలో కొట్టుకొనిపోవును. కావున చెఱువు చరిత్ర కట్టించినవారి చరిత్రమాత్రమే కాదు, ఏటేట దానిని కాచినవారి చరిత్రయు నగును. మొదటివారి పేర్లు శాసనములందున్నవి. రెండవవారి పేర్లు ఎచ్చటను లేవు.

రాయలసీమలోను తెలంగాణములోను పెద్దనదులు లోతున పాఱుచుండగా పొలములు పెక్కు ఎత్తున నున్నవి. వాన కొలది దినములలో కురిసి, వాలు వెంబడి పరుగెత్తి, పైపొరలోని మేలిమన్నును గొనిపోవును. ఆ పరుగు నాపుటకే కట్ట ఏర్పడినది. రెండు గుట్టల నడుమ పల్లమున కట్ట వేసినచో తక్కిన మూడు వైపుల నేలయే గోడయగును. కట్టలోని తూము నీటిని పొలములకు వదలును. ఒక ప్రక్కన, కట్టకంటె తక్కువ ఎత్తున, ఱాతితో కట్టిన అలుగు మిగులు నీటిని వెలుపలికి పంపును. దీనినే తెలంగాణమున మత్తడి యందురు. మట్టికట్టకు అలుగే ప్రాణము. ఱాతి ఆనకట్టపై నీరు పొర్లినను అది నిలుచును. మట్టికట్టపై నీరు పొర్లెనా, మొదట చిన్న గండి పడును, ఘడియ గడువకముందే అది పెద్దదై కట్టను మ్రింగును.

ఈ విద్య మనవారికి ఎంత క్షుణ్ణముగా తెలియునో చెప్పుటకు కడపసీమలోని పోరుమామిళ్ల శాసనమొక్కటి చాలును. దాని కాలము శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి పాలించుచు ఆ చెఱువును కట్టించెను. దానికి అనంతరాజసాగరమని పేరు. శాసనము సంస్కృతభాషలో, తెలుగులిపిలో నున్నది. ప్రతిదినము 1000 మంది కూలీలు పనిచేసిరనియు, ఱాళ్లు తెచ్చుటకు 100 బండ్లు నడచెననియు, పని రెండేండ్లు సాగెననియు అందు చెప్పబడినది.

అంతటితో ఆగక, ఆ శాసనము మంచి చెఱువునకు వలసిన 12 అంగములను, పరిహరింపవలసిన 6 దోషములను ఏకరువు పెట్టినది. ధర్మాత్ముడును ధనవంతుడును నగు ప్రభువు, జలశాస్త్రమెఱిగిన పండితుడు, గట్టి జిగటమన్ను గల నేల, తీయని నీటిని తెచ్చు ఏఱు, ఇరువైపుల ఆనుకొనుటకు కొండ, వాని నడుమ మిక్కిలి పొడవు గాక దృఢమైన కట్ట, విశాలమై లోతైన గర్భము, దగ్గఱలో మంచి ఱాతిగని, దిగువను సమతలమైన సారవంతపు పొలములు, పనియందు నేర్పు గల మనుష్యులు మున్నగునవి అంగములు. శాస్త్రజ్ఞుని ఎంత అవసరముగా తలచిరో, చేయి తిరిగిన పనివారిని నంత అవసరముగా తలచి ఒకే వరుసలో లెక్కించుట గమనింపదగినది.

దోషములను విచారించినచో శాసనకర్త అనుభవము మఱింత తేటపడును. కట్ట నుండి నీరు కారుట మొదటిది. ఊట సన్నగా నున్నప్పుడే లోపలి మన్ను కొంచెము కొంచెముగా కదలి, కట్ట కడుపున సొరంగమేర్పడును. చవుడు నేల రెండవది. ఆ మన్ను నీరు తగిలినంతనే కరగును, నీరును చెడును. చెఱువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట మూడవది. నీరు నిలువవలసిన చోటును మన్నే ఆక్రమించును. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట నాలుగవది, నీరు ఎక్కువై భూమి తక్కువగుట అయిదవది. మొదటిదానిచే తగవులు పుట్టును, రెండవదానిచే నీరు వ్యర్థమగును. ఇక రెండు రాజ్యముల పొలిమేరపై చెఱువుండుట ఆఱవది. ఇది మంటికిని నీటికిని సంబంధించిన దోషము కాదు, మనుష్యులకు సంబంధించినది. ఇరువురి సొత్తైన చెఱువుకు గండిపడిన రాత్రి గంప యెత్తువా డెవడు?

పోరుమామిళ్లకు పూర్వమే కాకతీయుల సీమ చెఱువులకు ప్రసిద్ధి కెక్కెను. గణపతిదేవుని కాలమున పాకాల, రామప్ప చెఱువులు వెలసెను. ఆయన సోదరి మైలాంబ బయ్యారమున చెఱువు కట్టించి శాసనము వేయించెను. ఈ పెద్దచెఱువులకంటె ఆశ్చర్యకరమైనవి పేరులేని చిన్నచెఱువులు, కుంటలు. మీది చెఱువు అలుగు పాఱిన నీరు దిగువ చెఱువున చేరును. అది నిండి తరువాతి దానిని నింపును. ఇట్టివానిని గొలుసుకట్టు చెఱువులందురు. ప్రతి కట్టయు నీటివేగమును ఒక మెట్టు తగ్గించును. వాగు కోసికొనివచ్చిన మన్నును పట్టి ఉంచును. ఆ ఒండ్రును వేసవిలో త్రవ్వి రైతులు పొలములకు తోలుకొనిరి. కొండవాలున పోయిన సారము బండి నెక్కి మరల చేనికి వచ్చెను. కాని గొలుసులో ఒక కీడు కూడ కలదు. మీది కట్ట తెగినచో ఆ వెల్లువ క్రింది కట్టలను వరుసగా తెంచును. కావున ఎగువవాని అశ్రద్ధ దిగువవాని నష్టము.

ఈ కావలి ఎట్లు సాగెను? చెఱువు కట్టినవానికిని, తెగిన చెఱువును బాగుచేసినవానికిని దాని క్రింద కొంత భూమిని పన్ను లేకయో, తక్కువ పన్నుతోనో ఇచ్చు ఆచారముండెను. ఇదియే దశబంధము. చెఱువును కాపాడుట ఆ మాన్యమునకు షరతు. విజయనగర కాలమున తిరుమల దేవస్థానమునకు భక్తులిచ్చిన సొమ్ములో కొంత దేవుని గ్రామములలో చెఱువులకును కాలువలకును వ్యయము చేయబడెను. పెరిగిన పంట నుండి నైవేద్యము నడచెను. చిన్నపనులు, అనగా కాలువ పూడిక తీయుట, కట్టపై ముండ్లకంపలు కొట్టుట, గాళ్లు పూడ్చుట గ్రామస్థులే కలసి చేసిరి. దక్షిణదేశమున దీనికి కుడిమరామత్తని పేరు.

వీరందఱికంటె ముఖ్యుడు నీరుగంటి. తెలంగాణమున నీరటి. తూము తీయువాడతడే, మూయువాడతడే. ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో అతని కంటికొలతయే కొలత. పెక్కుచోట్ల ఈ విధి భూమిలేని దళిత కుటుంబములది. ఆయకట్టులో తనకు మడి లేనందున పక్షపాతము లేక పంచగలడని పెద్దలు తలచిరి. వానపడు రాత్రి గ్రామమెల్ల నిద్రించుచుండ లాంతరు చేతబట్టి కట్టపై తిరిగినవాడతడు. ప్రతిఫలము కళ్లములో కొలిచిన కొంత ధాన్యము. అందఱి పొలములకు నీరు పెట్టినవానికి సెంటుభూమి లేకుండుట ఆ ఏర్పాటునకే కళంకము. చరిత్ర వ్రాయువారు దానిని దాచరాదు.

19వ శతాబ్దమున ఈ కట్టుబాటు సడలెను. శిస్తు దొరతనమునకు పోయెను. చెఱువు బాగు ఎవరిదో తేలదయ్యెను. పూర్వము ఆచారముచే నడచిన పనిని చట్టముచే నడిపింపనెంచి మదరాసు ప్రభుత్వము 1858లో నిర్బంధ శ్రమ చట్టమును చేసెను. మనస్సొప్పి చేసిన పనికిని చట్టము చేయించిన పనికిని గల తారతమ్యము త్వరలోనే తెలిసెను. 1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు రాయలసీమను పీల్చి పిప్పి చేసెను. పిదప 1883లో చెఱువుల పునరుద్ధరణ పథకము ఆరంభమయ్యెను. ఇంజనీర్లు కొలతలు వ్రాసిరి, పటములు గీసిరి. కాని కొలత వ్రాసినవాడు వానరాత్రి కట్టపై నుండడు.

స్వాతంత్ర్యానంతరము పెద్ద ఆనకట్టలపై చూపు నిలిచెను. బోరుబావులు వచ్చిన పిమ్మట చెఱువు నిండకున్నను పైరు పండునను భ్రాంతి కలిగెను. చెఱువు ఇంకించిన నీరే బావికి ఊటయగునను మాట మఱపునకు వచ్చెను. 1984లో ఆంధ్రప్రదేశమున పాత గ్రామోద్యోగములు రద్దైనప్పుడు వంశపారంపర్యపు దొసగులు తొలగినవి. వానితోబాటు ఏ తూము క్రింద ఎవరి మడి యను నోటిలెక్కయు చెదరినది. 1997 చట్టముచే రైతుల నీటిసంఘములు ఏర్పడినవి. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైబడిన చెఱువుల పూడికతీత తలపెట్టెను. ఆ ఒండ్రు మరల పొలములకు చేరెను. 2020లో పోరుమామిళ్ల, కంభము చెఱువులకు ప్రపంచ సేద్యపునీటి వారసత్వ నిర్మాణములుగా గుర్తింపు వచ్చినది. ఇవి యన్నియు సంతోషకరములే. అయినను ఒకసారి తీసిన పూడిక మరల చేరును. పునరుద్ధరణ పండుగవంటిది, కావలి నిత్యకృత్యము.

ఇరువదియైదేండ్లు గ్రంథమును కాపాడిన గ్రామమునకు చెఱువును కాపాడుట చేతకాని పని కాదు. గ్రంథాలయపు బీరువాలో ఒక చెఱువుపుస్తకము ఉంచవచ్చును. తూముల సంఖ్య, అలుగు ఎత్తు, వరదకాలువలు వచ్చు దారులు, ఏ యేట ఏ తేదీన అలుగు పాఱెను, ఎచ్చట ఊట కనబడెను, ఎవరు పూడ్చిరి, ఇవి అందు వ్రాయవలెను. వృద్ధులైన నీరుగంటుల నోటిమాట వారుండగానే ఎక్కింపవలెను. పోరుమామిళ్ల ఱాతిపై ప్రభువు పేరున్నది. 1000 మంది కూలీలు అంకెగా మిగిలిరి. చెఱువుపుస్తకము మొదటిపుటలో కట్ట కాచినవారి పేర్లను వ్రాసినచో, శాసనము విడిచిపెట్టిన ఆ వరుస పూర్తియగును.