క్యారవాన్: గుంపు పోయి బండి మిగిలింది
మహారాష్ట్రలో ఘుగ్గుస్ అనే బొగ్గుగనుల ఊళ్ళో ఉండే మిత్రుడొకరు 'క్యారవాన్‌లో తాడోబా అడవి పులుల్ని చూసొద్దాం' అన్నారు. ఆయన ఉద్దేశం మంచాలూ పొయ్యీ అమర్చిన ఒకే ఒక్క బండి. పారశీకంలో 'కార్వాన్' బండి కాదు, దారిదొంగల భయానికి కలిసి సాగే బాటసారుల, వర్తకుల గుంపు. హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గరి కార్వాన్ పేట ఆ పాత మాటే. యూరప్ చుట్టి ఇంగ్లీషులో చక్రాల ఇల్లయిన మాట మనకు సినిమా తారల విశ్రాంతి బండిగా చేరింది. ఆ ఇంగ్లీషు మాట తల తెగగా మిగిలిందే 'వ్యాను'. బాటసారుల గుంపుకు మనకు 'బిడారు' అనే మాట ఉంది. సంస్కృతంలో 'సార్థం', దాని నాయకుడు సార్థవాహుడు. ఎద్దులపై ఉప్పూ ధాన్యమూ మోసిన బంజారాల బిడారుకు 'టాండా' అని పేరు. వాళ్ళు నిలదొక్కుకున్న చోట ఆ మాటా ఆగింది, తెలంగాణలో తండా అంటే ఇప్పుడు ఊరు. నడిచే గుంపు పేరు ఇళ్ళ పేరైన ఈ మార్పు నన్నెంతో కదిలిస్తుంది. మహారాష్ట్ర 2021లో క్యారవాన్ పర్యాటక విధానం తెచ్చింది కనుక 'క్యారవాన్' మాట ఇంకా వినబడుతుంది. ఒక్క బండిని 'ఇంటిబండి' అనండి; నాలుగు వరసగా కదిలితే, దయచేసి, 'బిడారు' అనండి.